మహమ్మారి కాలంలో మృతుల రుణం

ప్రాణం పోయిన దేహానికి బతికున్నవారు రుణపడి ఉంటారా అన్న ప్రశ్నకు దాదాపు అన్ని మతాలూ అవుననే సమాధానం చెప్పాయి. దేహాన్ని కడిగి, కొత్త బట్ట కప్పి, అయినవారు కడసారి ముట్టుకుని సాగనంపిన తరువాత దహనమో ఖననమో చేయడం ఆ రుణం తీర్చుకునే పద్ధతి. అంటువ్యాధి ప్రబలినప్పుడు ఈ పద్ధతే బతికున్నవారి ప్రాణాల మీదికి తెస్తుంది గనుక రాజ్యం అడ్డుపడక తప్పదు. అయితే ఏ మేరకు అడ్డుపడవచ్చు, ఏ అధికారంతో అన్నది వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చగల విషయం కాదు. ఈ ప్రశ్న 2014-16 మధ్య పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలకు ఎదురైనంత తీవ్రంగా ఇటీవలి చరిత్రలో మరెక్కడా ఎదురుకాలేదనవచ్చు.

1976లో అప్పటి జైర్, సూడాన్ దేశాలలో తొలిసారి గుర్తించిన ఎబోలా వైరస్ రోగి రక్తం, వాంతి, విరేచనాల వంటి శరీర ద్రవాలను తాకడం వల్ల సోకుతుంది. మరణించే వేళకు ఒంట్లో వైరస్ ఉధృతి అత్యధికంగా ఉంటుంది గనుక శవానికి స్నానం చేయించడం రోగికి సేవ చేయడమంత ప్రమాదకరం. 2013 డిసెంబరులో గినీ అటవీ ప్రాంతంలోని మెలియాండూ అనే గ్రామంలో మొదలైన వ్యాధి మూడు దేశాలలో 28,600 మందికి పైగా సోకి, 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. గినీలోని కేసులలో సుమారు 60 శాతానికి సంప్రదాయ అంత్యక్రియలతో సంబంధం ఉన్నదని 2014 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

ఈ ప్రమాదం చూసిన ప్రభుత్వాలు తొలుత చేసిన పని శవాలను కుటుంబాల చేతుల్లోంచి తీసుకోవడం. ముఖం కనబడకుండా నిలువెల్లా రక్షణ దుస్తులు తొడుక్కున్నవారు వచ్చి, దేహం మీద క్లోరిన్ చల్లి, సంచిలో పెట్టి బండిలో తీసుకుపోతుంటే ఎక్కడ పూడ్చారో కూడా తెలియని కుటుంబాలు ఎన్నో. దాని ఫలితంగా జనం రోగులను దాచడమూ, రాత్రివేళ రహస్యంగా ఖననాలు జరపడమూ మొదలై, వ్యాధి కంటికి కనబడని దారులు పట్టింది. అపనమ్మకం ముదిరి, 2014 సెప్టెంబరులో గినీలోని వోమే గ్రామంలో వ్యాధి గురించి ప్రచారం చేయడానికి వెళ్లిన బృందంలో ఎనిమిది మంది హతులయ్యారు. ఆ హత్యలను సమర్థించే వాదమేదీ లేదు గాని, మొత్తం వ్యతిరేకతకు మూఢనమ్మకమని పేరు పెట్టి ఊరుకున్నవారు అసలు విషయాన్ని తప్పించుకున్నారనే చెప్పాలి. తండ్రిని అనాథ శవంగా పంపడానికి ఇష్టపడని కొడుకు శాస్త్రాన్ని తిరస్కరిస్తున్నాడని అనలేం.

లైబీరియా ఇంకో అడుగు ముందుకు వేసి, 2014 ఆగస్టు నుంచి రాజధాని మన్రోవియా ప్రాంతపు శవాలను దహనం చేయాలని ఆదేశించింది. ఖననం తప్ప మరొకటి ఎరుగని ఆ సమాజంలో ఇందుకు అక్కరకు వచ్చింది అక్కడి భారతీయులు తమవారి కోసం ఏర్పాటు చేసుకున్న దహనవాటిక కావడం గమనార్హం: ఒక మతానికి సద్గతి అయినది మరొకరికి ఘోర అపచారమయింది. లైబీరియాలో ఏటా మార్చి రెండవ బుధవారాన కుటుంబాలన్నీ సమాధులను శుభ్రం చేసి అలంకరించే జాతీయ పర్వం ఉంది. సమాధే లేనివారికి ఆ రోజు వెళ్లడానికి చోటు లేదు. ఆ ఏడాది చివర డిస్కో హిల్ అనే చోట శ్మశానానికి భూమి సేకరించి దహనాలు ఆపివేశారు. అప్పటికి మిగిలిన చితాభస్మాన్ని 2015లో అక్కడికే తరలించారు.

గినీలో కిస్సీ తెగవారి మధ్య తలెత్తిన ఒక సమస్య ఇంకా సూక్ష్మమైనది. గర్భిణి మరణిస్తే గర్భస్థ శిశువును వేరుచేసిన తరువాతే పూడ్చాలని వారి ఆచారం. ఎబోలాతో చనిపోయిన గర్భిణికి ఆ శస్త్రక్రియ చేయడం వైద్యులకు సైతం అసాధ్యం. అలా చేయకుండా పూడిస్తే ఊరికి అరిష్టమని పెద్దలు పట్టుబట్టగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేస్తున్న మానవశాస్త్రవేత్త జూలియెన్ అనోకో వారితో వాదించడానికి బదులు, ఇటువంటి దోషానికి పరిహారం మీ సంప్రదాయంలో లేదా అన్న దిశగా విచారించారు. అటువంటి క్రతువు ఉన్నదని, దాన్ని ఎరిగిన వృద్ధుడు ఉన్నాడని తేలింది. మేక, తెల్లబట్ట, బియ్యం, నూనె, ఉప్పు వంటి సామగ్రి ఖర్చును సంస్థ భరించగా ఆ ఖననం శాంతంగా ముగిసింది.

మతానికీ ప్రజారోగ్యానికీ వైరం అనివార్యం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆపద్ధర్మం, అంటే ఆపత్కాలంలో మాత్రమే చెల్లే సడలింపు, ప్రతి సంప్రదాయంలోనూ ఏదో రూపంలో ఉంటుంది. మహాభారత శాంతిపర్వంలో దానికి ఒక ఉపపర్వమే కేటాయించారు. దేహం దొరకనప్పుడు దర్భలతో ప్రతికృతి చేసి దహనం చేసే విధి హిందూ అపరకర్మలలో ఉన్నది. నీరు దొరకనప్పుడు గాని, వాడితే హాని కలిగేటప్పుడు గాని శుభ్రమైన మట్టితో శుద్ధి జరిపే తయమ్ముమ్ ఇస్లాంలో ఉన్నది. 2014 నవంబరులో క్రైస్తవ, ముస్లిం సంస్థలతో కలసి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సురక్షిత, గౌరవప్రద ఖనన నియమావళిలో ఈ తయమ్ముమ్‌కు చోటు దక్కింది. కుటుంబం ఒప్పుకోనిదే ఖననం మొదలుపెట్టరాదన్న నిబంధన కూడా చేరింది. దేహాన్ని ఎవరు తాకరాదో చెప్పే అధికారం రాజ్యానికి ఉండవచ్చు గాని, తాకకుండా సాగనంపినా రుణం తీరిందని చెప్పగల అధికారం ఆ కర్మను నమ్మి ఆచరించేవారిదే.

సమ్మతి ఒక్కటే అన్నీ చక్కబెట్టిందనడం మాత్రం అతిశయోక్తి. రహస్య ఖననాలు 2015లోనూ సాగాయి. సియెర్రా లియోన్‌లో సంప్రదాయ నాయకులైన చీఫ్‌లు కట్టుబాట్లు పెట్టి, మీరినవారికి జరిమానాలు విధించవలసి వచ్చింది. అయితే ఆ దండనలో కూడా ఊరి మాట ఉన్నది.

ఇంత మూల్యం చెల్లించి నేర్చుకున్నది సముద్రం దాటి మరో దేశానికి చేరుతుందన్న భరోసా లేదు. కోవిడ్ మృతులను పూడ్చినా దహించినా ఫరవాలేదని 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పినా, శ్రీలంక ప్రభుత్వం భూగర్భజలాలు కలుషితమవుతాయన్న నిరాధార వాదంతో అందరికీ దహనాన్ని తప్పనిసరి చేసింది. ఎబోలా నాటి లైబీరియాకు భయమూ తొందరపాటూ సాకులుగా చెప్పుకోవడానికైనా ఉన్నాయి; శ్రీలంకకు అవీ లేవు, ముస్లింలు ఎంత మొరపెట్టుకున్నా దాదాపు ఏడాదిపాటు ఆదేశం మారలేదు. 2021 మార్చిలో మట్టక్కళప్పు జిల్లా ఒడ్డమావడిలో ఖననాలు మొదలయ్యేవరకూ మృతుల కుటుంబాలను సమ్మతి అడిగినవారు లేరు. తప్పనిసరి దహనాలకు క్షమాపణ చెప్పాలని మంత్రివర్గం నిర్ణయించింది 2024 జూలైలో.