తుప్పు రంగు

ఇటాలెరీ వాళ్ల 1/24 లారీ కిట్‌ని కొందరు పెట్టె మీది బొమ్మలా మెరిసేట్టు కట్టరు. స్పాంజితో గోధుమరంగు అద్ది తుప్పు తెప్పిస్తారు, మడ్‌గార్డులకి మట్టి పూస్తారు. దీన్నే వెదరింగ్ అంటారు. గజం దూరం తిరగని బండికి ఇంత అలసట అబద్ధం కదా, అనొచ్చు. అబద్ధంతో నాకు పేచీ లేదు, కథలూ అంతేగా.

పేచీ వేరే. కొండకల్ దారిలో ఎదురయ్యే టిప్పర్ మీది దుమ్ము ఒక మనిషి ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. మనం దాంట్లోంచి అందాన్ని మాత్రమే తెచ్చుకుంటున్నాం. ఆ మాటకొస్తే అసలు లారీల్లోనూ ఇంతే. విజయవాడ ఆటోనగర్లో ఛాసిస్ మీద క్యాబిన్ కట్టించి, పూలూ పేర్లూ రాయించేది ఓనరు. లోపల ఉడికేది డ్రైవరు. కొత్త లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది 2025లో మాత్రమే. పాతవాటి సంగతి అడక్కండి.

1/24లో మనిషంటే ఏడు సెంటీమీటర్లు. చాలా కిట్లలో ఆ ఏడు సెంటీమీటర్లే ఉండవు. బొమ్మ దొరక్కపోతే తుప్పు వేసేముందు సీటు మీద తువ్వాలైనా పరవాలంటాను. టిష్యూ ముక్కకి నీళ్లు కలిపిన ఫెవికాల్ రాస్తే, ఆరేసరికి వాడిన తువ్వాలులాగే ముడతలు పడుతుంది.