బహుమానం ఎవరికి?

చెడ్డవాడి వేషం కట్టడం తప్పా? యీ ప్రశ్న మనకు కొత్తది కాదు. దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన జనం తెల్లవారి ఇంటికి పోయి దుర్యోధనులు కాలేదు. గిరీశాన్ని చూసి నవ్వుకోని తెలుగు పాఠకుడు అరుదు. అంతమాత్రాన కన్యాశుల్కాన్ని మెచ్చుకున్నట్టు కాదు. 1947లో సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి'ని ప్రజానాట్యమండలి వూరూరా ఆడిందంటే, దేశ్‌ముఖ్ వేషం దళంలో ఎవరో ఒకరు కట్టవలసిందే గదా! అంచేత వేషంతో నాకు పేచీ లేదు. నా పేచీ బహుమానంతో. అది నా చేతుల మీదుగా జరిగిన తప్పులోంచి పుట్టింది గనుక, ముందు ఆ సంగతి చెబుతాను.

వేసవి సెలవుల్లో మా మేనల్లుడు హైదరాబాదు నుంచి కారేపల్లి వస్తూ ఒక ఆట పట్టుకొచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు పెద్దగా వుండి కథ నడుపుతారు. ఫలితం తేలనిచోట పాచిక వేస్తారు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' యీ ఆటలకు మూలం. గుహలూ రాక్షసులూ మనకెందుకని కథను మా పక్క అడవికి మార్చాం. రైలు కొత్తగా వచ్చిన రోజులు, ఒక కోయగూడెం, ఒక షావుకారు. ఆటకు పెద్దను నేను.

షావుకారు వేషం మేనల్లుడు తీసుకున్నాడు. ముందు ఉప్పు అరువిచ్చాడు. తరువాత విత్తనాలకు అప్పిచ్చాడు. చింతపండూ విప్పపువ్వూ బాకీ కింద జమ కట్టుకున్నాడు. వడ్డీ అసలును మింగాక కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. ఒకర్ని కొట్టలేదు, తిట్టలేదు. మూడో పూటకల్లా గూడెం చెలకలన్నీ అతని పేర వున్నాయి. మేమంతా భళాయని నవ్వాం. చివర అందరికన్నా ఎక్కువ పాయింట్లు నేనతనికే వేశాను.

గూడెం పెద్ద వేషం వేసిన అమ్మాయి మా బడిలోనే తొమ్మిదో తరగతి. తన కాగితం మడిచిపెట్టి అడిగింది: "సార్, మార్కులు తెలివికేశారా, మా భూమి తీసుకున్నందుకేశారా?"

'మా' అన్న ఆ మాట ఆటలోది కాదు. వాళ్ళ తాత చెలక ఏ కాగితం మీద పోయిందో వూరందరికీ తెలుసు. ఆ పూట నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడాలోచిస్తే, జవాబు ఆమె ప్రశ్నలోనే వుంది. 'నర్తనశాల' 1963లో వచ్చింది. మరుసటి యేడు జకార్తాలో ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమానం ఎస్.వి. రంగారావుకు వచ్చింది. బహుమానం రంగారావుకు వచ్చింది గాని, కీచకుడికి రాలేదు. కీచకుడు కథలో చావనే చచ్చాడు. నాటకంలో యీ రెండు ఖాతాలూ వేరు. చప్పట్లు నటుడివి, ఫలం పాత్రది. ఆ ఫలాన్ని రచయిత ముందే నిర్ణయించి వుంచుతాడు. బల్ల మీది ఆటకు రచయిత లేడు. అక్కడ పాయింట్లు వేసేవాడే రచయిత. ఆ పాయింట్లు చేరేది ఆడినవాడికి కాదు, పాత్రకు: మర్నాటి ఆటలో పాత్ర బలం పెరుగుతుంది. నేను కుర్రవాడి తెలివిని మెచ్చుకున్నాననుకుని షావుకారును బలిసేటట్టు చేశాను. అసలు 1974 నాటి నిబంధనల్లోనే, కొల్లగొట్టి తెచ్చిన బంగారం విలువను అనుభవంగా లెక్కకట్టేవారు. సంపాదననే అనుభవమని పిలిచే లెక్క మన సమాజానికేమన్నా కొత్తదా?

"ఆట ఆటే గదా, అంత తర్కం దేనికి?" అనే మిత్రులున్నారు. లిజీ మాగీ అనే అమెరికన్ మహిళ భూమి గుత్తాధిపత్యం ఎంత అన్యాయమో చూపడానికి 1904లో భూస్వామి ఆట అనే పేరుతో ఒక ఆటకు పేటెంటు పొందింది. అందులోంచి పుట్టి 1935 నుంచి ప్రపంచమంతా అమ్ముడుపోయిన 'మోనోపలీ'లో, తక్కినవాళ్ళను దివాలా తీయించినవాడే విజేత. ఆమె ఉద్దేశం పోయింది, బహుమానం మిగిలింది. ఆట బోధించేది దాని ఉద్దేశాన్ని కాదు, దాని బహుమానాన్నే.

అయితే దుర్మార్గుడికి శిక్ష వేస్తే సరిపోతుందా? అది మన వైకుంఠపాళి చేసిన పనే. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము; కాని అక్కడ పావు ఎటు నడవాలో పాచికదే తీర్పు, మనిషికి ఎంపిక లేదు. పైగా అది అబద్ధం. మా చుట్టుపక్కల ఏ షావుకారునూ ఏ పామూ మింగలేదు. ఆటలో మింగించి, పిల్లలకు న్యాయం దానంతటదే జరుగుతుందని చెప్పడం మరో మోసం.

మిగిలిన దారి ఒకటే: మోసానికి దక్కే ఫలాన్ని తీసివేయడం. 1959లో ఆంధ్ర ఏజెన్సీకి వచ్చి 1963లో తెలంగాణకు విస్తరించిన భూబదిలీ రెగ్యులేషను చేయబోయింది అదే. 1970 సవరణ తరువాత ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి పేరుకు మారడమే చెల్లదు. షావుకారు మనసు మారాలని చట్టం అడగలేదు. కాగితం ఎంత తెలివిగా రాసినా లాభం లేకుండా చేయజూసింది. బినామీ పేర్లు ఆగలేదనేదీ నిజమే. లెక్కలు వేసేవాళ్ళు మారకుండా లెక్క మాత్రమే మారితే జరిగేది అదే.

మర్నాడు మళ్ళీ ఆడాం. తెలివికి మేం చప్పట్లు కొట్టవచ్చు. కాని భూమి లాక్కున్నందుకు ఏ పాత్రకూ బలం పెరగదని నిబంధన పెట్టాను. ఎవరి చెలక పోయినా వాళ్ళ పేరు చదివి పుస్తకంలో రాయాలన్నాను. మేనల్లుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

షావుకారు వేషం ఎవరిదని అడిగితే ఆ అమ్మాయి చెయ్యెత్తింది. "వాడు ఎట్ల చేసిండో నేను కూడా తెలుసుకోవాలె సార్" అంది.

వేషం ఆమెకే ఇచ్చాను.