నిద్ర దోషమా, నిలువకుండుట దోషమా?

తెల్లవారుజామున రహదారిపై ఒక లారీ అదుపు తప్పి ముందున్న వాహనమును గ్రుద్దుకొనినదని వార్త వచ్చును. డ్రైవరు నిద్రమత్తులో నుండుటయే కారణమను ఒక్క వాక్యముతో ఆ వార్త ముగియును. చదివినవారిలో కొందరు "వారి ఆయువు అంతే" అని నిట్టూర్చెదరు. మరికొందరు "ఆ డ్రైవరును క్షమింపరా"దని కోపింతురు. ఈ రెండు తీర్పులును చెప్పుటకు సులభములే గాని, రెండింటియందును విచారణ లేదు. మనుష్యుడు తాను కోరి చేయని పనికి బాధ్యుడగునా? అగునేని ఎంతవరకు? ఆ బాధ్యతలో ఇతరులకును భాగము కలదా? పాఠక మహాశయులు ఈ ప్రశ్నలను కొంచెము నిదానముగా ఆలోచింప ప్రార్థన.

మొదట విధి మాట చూతము. 2022 సంవత్సరమున మన దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవనియు, వానిలో 1,68,491 మంది మరణించిరనియు కేంద్ర రవాణా శాఖవారి లెక్క. అనగా దినమునకు 460 మందికి పైగా. ఇదంతయు తలవ్రాతయే అయినచో, వేగము తగ్గించిన చోట, దీపములు పెట్టిన చోట, మలుపు సరిదిద్దిన చోట మరణములు తగ్గుట ఎట్లు? మానవ ప్రయత్నముచే తగ్గునది మానవ లోపముచేతనే పెరిగినదని ఒప్పుకొనక తప్పదు. ఒక మలుపునందు గండము కలదని బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుదురు. గండము మలుపులో లేదు. రాత్రియంతయు మూతపడని కన్నులలో ఉన్నది.

నిద్ర యొక్క స్వభావము కూడ కొంత తెలిసికొనవలసియున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీ ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటును. రెప్ప నాలుగు సెకనులు మూతపడినచో, ఆ బరువంతయు 60 మీటర్లకు పైగా చూచువాడు లేకయే పోవును. అర్ధరాత్రి దాటిన పిమ్మట రెండు గంటలు మొదలుకొని ఆరు గంటల వరకును దేహము సహజముగానే నిద్రను కోరును. అపరాహ్ణమున మరల కొంతసేపు అట్లే యుండును. 1997లో డాసన్, రీడ్ అను ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షించి చూడగా, 17 గంటలు నిద్ర లేక మేలుకొనియున్నవాని పనితనము, నూరు మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని పనితనమునకు దిగజారినది. మన చట్టము డ్రైవరునకు విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు మాత్రమే. కావున మద్యము ముట్టని సజ్జనుడు కూడ, నిద్ర లేనివాడైనచో, త్రాగినవానికంటె మేలని చెప్పుటకు వీలులేదు. టీ నీళ్ళు, పొగాకు, పెద్దగా పెట్టిన పాట, ముఖముపై చల్లుకొనిన నీరు నిద్రను కొంతసేపు మరుగుపరచును గాని తీర్పలేవు. నిద్ర అను అప్పు నిద్రతోనే తీరును.

ఇక ధర్మవిచారము. కన్ను మూతపడిన క్షణమున డ్రైవరు కర్త కాడు. ఆ క్షణమున అతనికి తలపు లేదు, సంకల్పము లేదు. ఆ క్షణమునకు అతనిని దోషి యనుట న్యాయము కాదు. కాని నిద్ర చెప్పకుండ వచ్చు అతిథి కాదు. ముందుగా ఆవులింత వచ్చును, రెప్పలు బరువెక్కును, గడచిన రెండు కిలోమీటర్లలో ఏమి చూచితినో జ్ఞప్తికి రాదు, చక్రము రోడ్డు అంచు దిగి మరల ఎక్కును. ఇవన్నియు మెలకువలో నున్నవానికి అందిన కబురులు. "ఇంకొక ముప్పది కిలోమీటర్లే గదా" అని వానిని త్రోసిపుచ్చినది నిద్రించువాడు కాదు, మేలుకొనియున్నవాడే. వెలుగుచున్న బుడ్డిదీపమును గడ్డివామి ప్రక్కన నుంచి పండుకొనినవాడు, నిప్పంటుకొనినప్పుడు నిద్రలోనే యుండును. అయినను దీపమార్పని దోషము వానిదే. నిద్ర దోషము కాదు, నిలువకుండుట దోషము. ఇది మొదటి సిద్ధాంతము.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. నిలుపుటకు డ్రైవరునకు స్వాతంత్ర్యమెక్కడిది? సరకు తెల్లవారుసరికి మార్కెట్టుకు చేరవలెనని వర్తకుని షరతు. ఆలస్యమైనచో కిరాయిలో కోత. ట్రిప్పుల లెక్కను బత్తా. ఇంటికడ పిల్లల ఫీజు, లారీ యజమానికి బ్యాంకు వాయిదా. ఈ ఆక్షేపణ సత్యమైనది. అయితే అది బాధ్యతను తుడిచివేయదు, పంచిపెట్టును. ఆపుము అని చెప్పగల శక్తి ఎవరికెంత కలదో వారికంత భాగము. డ్రైవరు బండిని నిలుపగలడు గాన అతనికొక భాగము. రెండవ డ్రైవరును ఇయ్యగలిగియు ఇయ్యని యజమానికొక భాగము. ఒక పూట ఆలస్యమును సహింపగలిగియు సహింపని వర్తకునికొక భాగము. తెల్లవారకముందే సమస్తము వాకిటికి రావలెనను కొనుగోలుదారులమైన మనకును కొంత లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయింపరాదని శాసించినది. దూరప్రయాణములకు అనుమతిపై 10 గంటలు, 54 గంటలు హద్దుగా పెట్టినది. కాని అయిదుగురికంటె తక్కువ పనివారుగల చోట్లకు అది సాధారణముగా వర్తింపలేదు. ఒకటి రెండు లారీలు మాత్రమే గలవారు మన దేశమున ఎందరో! చట్టము చేరని చోట ధర్మబుద్ధి చేరవలెను.

ఇచ్చట శరణుల కాయక సిద్ధాంతము స్మరింపదగియున్నది. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. అతని పడవలో నెక్కినవారి ప్రాణములు అతని చేతి తెడ్డునందుండెను. నేటి డ్రైవరు కాయకమును అట్టిదే; అయితే అతని పడవలో నెక్కనివారి ప్రాణములు కూడ అతని చేతిలో నున్నవి. ఎదురువచ్చు బండివాడు, రోడ్డు దాటు పిల్లవాడు అతనిని ఎరుగకయే నమ్మియున్నారు. నులియ చందయ్య గారి కథ మన మఠములలో పలువురు వినియుందురు. త్రాళ్ళకై గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపోయినను ఆయన చేతి పనిని విడువలేదట. ఆ కథకు తాత్పర్యము లింగమునందు ఉపేక్ష కాదు. పనియందలి ఏకాగ్రతయే పూజ యగునని. లారీలో దేవుని పటమునకు పూలదండ వేసి, ప్రక్క అద్దముపై దుమ్ము తుడువనివాడు పూజను సగమే చేసినాడు. ఒక చేత చక్రమును, ఒక చేత సెల్‌ఫోనును పట్టినవాడు ఆ సగమును కూడ చెరపుకొనినాడు. శరణులు ఎరుకనే గురువుగా భావించిరి. చక్రము ముందు కూర్చున్నవానికి ఆ గురువు ఆవులింత రూపమున కూడ వచ్చి హెచ్చరించును.

అయితే ఉపదేశము డ్రైవరునకు మాత్రమే చేసి ఊరకుండుట మనకు తగదు. పూణె నుండి షోలాపురము, హుమ్నాబాదు, జహీరాబాదు మీదుగా హైదరాబాదునకు, అటనుండి విజయవాడకును మచిలీపట్టణమునకును పోవు 65వ నంబరు జాతీయ రహదారి బసవకల్యాణమునకు చేరువగా సాగుచున్నది. కల్యాణ యాత్రకు పోవు మన కుటుంబములు ఆ దారినే, ఆ లారీల నడుమనే రాత్రింబవళ్ళు ప్రయాణించుచున్నవి. అలసిన డ్రైవరు నిలుపదలచినను తగిన చోటు దొరకక, దీపము లేని రోడ్డు అంచుననే లారీని నిలిపినచో, వెనుకనుండి వచ్చువారికి అదియే మృత్యువగును. రహదారుల ప్రక్కనున్న మఠములకు ఖాళీ స్థలము కలదు, బావి కలదు, అన్నదాసోహము కలదు. లారీలు నిలుపుకొనుటకు వెలుతురుగల ఆవరణము, స్నానమునకు నీరు, పరచుకొనుటకు చాప, సరకునకు ఒక కావలి మనిషి ఏర్పరచినచో, నాలుగు గంటలు నిర్భయముగా నిద్రింపవచ్చును. ఆకలిగొన్నవానికి అన్నము దాసోహమైనట్లే, కునుకుపట్టువానికి నిద్ర దాసోహము. అన్నదాసోహమున తినినవాని ఒక్కని ఆకలి తీరును. నిద్రాదాసోహమున మనమెరుగని ఎందరి ప్రాణములో నిలుచును.

మనలో వర్తకులున్నారు, లారీల యజమానులున్నారు. వారికి చేయవలసిన విన్నపము ఒక్కటియే. సరకు ఎక్కించునాడు "ఎన్ని గంటలకు చేరుదువు?" అని అడుగుటకు ముందు "ఎన్ని గంటలు నిద్రించితివి?" అని అడుగుడు. తగిన జవాబు రానిచో ఆ రాత్రి బండిని కదలనీయకుడు. ఒక పూట ఆలస్యమునకు తగ్గు లాభమును చిట్టాలో నష్టము క్రింద వ్రాయకుడు. దాసోహము క్రింద వ్రాసికొనుడు.