కూరతోట – పొరుగువాని హద్దు



అహాబు నాబోతు ద్రాక్షతోటను ఆశించినది కూరతోట కొరకే (1 రాజులు 21:2). అందువలన నాబోతు ప్రాణమే పోయెను. అయితే కూరలు పెంచుట తప్పా? కాదు. బబులోను చెరలోని వారిని తోటలు నాటుకొనుమని యిర్మీయా వ్రాసెను (29:5). పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనకును ఆ మాట తగును. ఎవరి స్థలములో, ఎవరి నీళ్లతో అన్నదే ప్రశ్న.

మన ఇరుకు పేటలలో నడవ అందరిది, కుళాయి అందరిది. మన కుండీ అడ్డమై ఒక ముసలమ్మ కాలు జారినయెడల ఆ కూర మనకు రుచించునా? కనుక ముందుగా మన గుమ్మము ప్రక్కనే ఎండ పడు చోటు చూచుకొందము. అడుగున రంధ్రమున్న రెండు కుండీలు, మట్టి, మాగిన పశువుల ఎరువు చాలును. మెంతికూర, తోటకూర సుమారు నెలలో కోతకు వచ్చును. బియ్యము కడిగిన నీళ్లు పోయుదము. మొదటి కట్ట పొరుగింటికి పంపుదము.