పల్లపు పొలం ఎవరికి ఋణపడింది?

తెలంగాణలో గ్రానైట్ రాతి మీద ఏర్పడిన వాలుల్లో మిట్టన పలుచని ఎర్ర చెల్క ఉంటుంది. దిగేకొద్దీ మట్టి లోతెక్కుతుంది, రంగు ముదురుతుంది. వాగు దగ్గరికి వచ్చేసరికి నల్లరేగడి. చాలాచోట్ల అడుగు రాయి ఒకటే, కురిసే వానా ఒకటే. తేడా తెచ్చింది చోటు. తూర్పు ఆఫ్రికాలో ఇలాంటి వరుసలను పరిశీలించిన జెఫ్రీ మిల్న్, ఏ నేలనూ విడిగా చూడకూడదని, వాలు మీది గొలుసులో ఒక లంకెగా చూడాలని 1930లలో ప్రతిపాదించాడు.

వాన మిట్టమీది కాల్షియం, మెగ్నీషియంలను కరిగించి దించుతుంది. సన్నని బంకమట్టినీ, కుళ్లిన ఆకు అలము సారాన్నీ కొట్టుకుపోయేలా చేస్తుంది. పైన మిగిలేది ఇనుప ఆక్సైడ్ల ఎరుపు, పోషకాలను పెద్దగా పట్టి ఉంచలేని మట్టి. కింద నీరు నిలుస్తుంది. దిగివచ్చిన కాల్షియం, మెగ్నీషియం, సిలికా అక్కడ చేరి, తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చే బంకమట్టిగా మారతాయి. తేమనూ పోషకాలనూ పట్టి ఉంచేది అదే. అంటే పల్లపు పొలం బలంలో కొంత మిట్ట పొలం పోగొట్టుకున్నదే.

మరి ఆ బలం ఎవరిది? మోళ్లు కొట్టి పొలం చేసినవాడిదే అంటుంది మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం. శ్రమ కలిపినవాడికే హక్కు అన్నాడు పదిహేడో శతాబ్దపు తత్వవేత్త జాన్ లాక్. రెండూ శ్రమ దగ్గర ఆగిపోతాయి. శ్రమకు ముందే చేరిన సారం సంగతి చెప్పవు. నది తెచ్చే మట్టి గురించి మాత్రం రోమన్ న్యాయం ఆలోచించింది. 533 నాటి జస్టీనియన్ చక్రవర్తి సంకలనం ప్రకారం, కంటికి కనబడకుండా మెల్లగా చేరిన మట్టి ఆ ఒడ్డు యజమానిదే. ప్రవాహం ఒక్క ఉదుటున పెళ్లగించి తెచ్చిన భూభాగం మాత్రం పాత యజమానిదిగానే ఉంటుంది. న్యాయస్థానానికి ఇది అనుకూలమైన గీతే. ధర్మానికి చాలదు. మెల్లగా పోయినంత మాత్రాన పోయింది పోనట్టు కాదు.

మిట్ట రైతుకు చెల్క దక్కడం అతని కర్మఫలం అనేవారుంటారు. కర్మ సిద్ధాంతం ఆ చెల్క అతనికే ఎందుకు దక్కిందో చెప్పగలదేమో గానీ, కిందివాడు అతనికి ఏం చెయ్యాలో చెప్పదు. ఇక్కడ ఋణ భావన ఎక్కువ పనికొస్తుంది. తైత్తిరీయ సంహిత పుట్టుకతోనే వచ్చే మూడు ఋణాలను చెప్పింది: ఋషులకు, దేవతలకు, పితరులకు. శతపథ బ్రాహ్మణం తోటి మనుషుల ఋణాన్నీ కలిపింది. పత్రం రాసుకోకపోయినా, అడిగి తీసుకోకపోయినా, ఎవరూ దొంగిలించకపోయినా బాకీ ఉంటుందన్నది ఆ ఆలోచనలోని గొప్పతనం. ఎగువ నేలకు దానిని వర్తింపజేయడం ఆ గ్రంథాల్లో లేదు. వాటి తర్కానికి మాత్రం దూరం కాదు.

అయితే దిగువకు చేరేదంతా వరం కాదు. లవణాలూ దిగుతాయి, మురుగు పోని చోట చౌడు తేలుతుంది. క్షారగుణం పెరిగితే జింకు ఉన్నా పైరుకు అందదు, భాస్వరాన్ని సున్నం బంధించేస్తుంది. ఎగువవాడు వాలు వెంబడే దున్ని, గట్లు వదిలేస్తే చెరువు పూడిపోతుంది. కాబట్టి బాకీ ఒకవైపుదే కాదు: పైవాడు వాలుకు అడ్డంగా దున్నడం, గట్టు నిలపడం కూడా బాకీ తీర్చడమే.

కిందివాడు తీర్చే దారి పల్లెకు కొత్తది కాదు. వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడిక మట్టిని చెల్కకు తోలేవారు. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ ఈ పనిని పెద్ద ఎత్తున చేపట్టింది. ఆ మట్టి చెల్కలో బంకను పెంచి తేమ ఎక్కువ రోజులు నిలిచేలా చేస్తుంది. కానీ ఆ పథకంలో తోలుకునే ఖర్చు రైతుదే కావడంతో ట్రాక్టరు పెట్టగలిగినవాడికే అది సులువైంది. పూడికను ఋణంగా ఒప్పుకుంటే మొదటి బండి వెళ్లాల్సింది చెరువు పక్క పొలానికి కాదు, ఆ మట్టి బయలుదేరిన మిట్టకు. కిరాయిలో కొంత ఆయకట్టు రైతులు పంచుకోవాలి.