నవ్వి తీసేసే ఉత్తరం

చనిపోయిన మంత్రిగారి కోట్లు నా ఖాతాలో వేస్తామంటూ నైజీరియా పేరుతో మొన్న మరో ఈమెయిల్. ఇంత పచ్చి అబద్ధం ఎవడు నమ్ముతాడు? చాలామంది నమ్మకూడదనే అలా రాస్తారని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో వాదించాడు. ఉత్తరం పంపడానికి ఖర్చేం లేదు. జవాబిచ్చినవాడితో వారాల తరబడి మాట్లాడటమే ఖర్చు. అనుమానించేవాళ్ళు మొదట్లోనే తప్పుకుంటే, నిజంగా నమ్మేవాళ్ళే మిగులుతారు. అంటే నా నవ్వు కూడా వాడి లెక్కలోదే. మిగిలేది ఏ ఒంటరి రిటైర్డ్ మాస్టారో, అప్పుల్లో మునిగినవాడో.

మరి నమ్మినట్టు నటించి వాడి కాలం తినెయ్యొచ్చుగా? కొందరు అదే పనిగా చేస్తారు. నాకది తప్పనిపించదు. అయితే కొందరు మోసగాడి చేత పిచ్చి బోర్డులు పట్టించి, ఫోటోలు తెప్పించుకుని, నలుగురికీ చూపించి నవ్వుతారు. దాంతో ఎవరి డబ్బు మిగిలిందో నాకర్థం కాలేదు. నేను చూసిన ఫోటోలో కుర్రాడికి ఇరవయ్యేళ్ళు కూడా ఉండవేమో.