సాన పట్టే చెయ్యి

కలకత్తా పేరు వింటే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది బడా బజారులోని బడా సిఖ్ సంగత్ గురుద్వారా. గురునానక్ దేవ్ జీ ఆ చోట ఆగారని సంప్రదాయం. అక్కడి నుంచి మహాత్మాగాంధీ రోడ్డు మీద తూర్పుగా నడిస్తే కాలేజీ స్ట్రీట్ వస్తుంది. ఈసారి మేము చెప్పదలచింది ఆ వీధిలో పాఠాలు చెప్పినవాళ్ల గురించి.

వాళ్లలో ఒకరు మన తెలుగువారే. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పడానికి వచ్చారు. మైసూరు విడిచి వచ్చే రోజున విద్యార్థులు పూలు కట్టిన బండిలో ఆయనను కూర్చోబెట్టి, తామే లాక్కుంటూ రైలు స్టేషనుకు తీసుకుపోయారు. 1960లో సిక్కుల పవిత్ర వాణి ఇంగ్లీషు అనువాదం యునెస్కో తరఫున వెలువడినప్పుడు పరిచయం రాసిందీ ఆయనే. 1962 నుంచి ఆయన పుట్టినరోజు, సెప్టెంబరు 5, ఉపాధ్యాయ దినోత్సవం అయింది. మన పిల్లలు ఆ రోజు టీచరుకు గులాబీ పట్టుకెళతారు. మంచిదే. కాని పంతులు విలువ పూలబండితో తేలేదయితే, అదే వీధిలో ఉద్యోగం పోగొట్టుకున్న ఇంకొక పంతులును ఏ లెక్కలో వేయాలి?

ఆయన పేరు హెన్రీ డెరోజియో. 1826లో హిందూ కాలేజీలో (ఇప్పుడది ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయం) పాఠాలు చెప్పడానికి చేరినప్పుడు ఆయన వయసు 17. ఎదురుగా కూర్చున్నవాళ్లలో కొందరు దాదాపు ఆయన ఈడువాళ్లే. ఏదైనా సరే, అడిగి, తర్కించి, ఆ తర్వాతే ఒప్పుకోమనేవాడు. దానితో ఊళ్లో పెద్దలకు భయం పట్టుకుంది. దేవుడు లేడని నేర్పుతున్నాడని, తల్లిదండ్రుల మాట వినవద్దంటున్నాడని ఫిర్యాదులు వెళ్లాయి. ఆయన ఇచ్చిన జవాబు గమనించదగ్గది. దేవుణ్ణి శంకించిన హ్యూమ్ వాదాన్ని పిల్లల ముందు పెట్టిన మాట నిజమే, దానికి రీడ్, స్టూవర్ట్ ఇచ్చిన సమాధానాలను కూడా పెట్టాను అన్నాడు. ఎవరూ వినలేదు. 1831 ఏప్రిల్‌లో ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కలరాతో చనిపోయాడు. అప్పటికి 22 ఏళ్లు.

పాఠం చెప్పింది ఐదేళ్లు. ఆ చుట్టూ పెరిగినవాళ్లు ఏమయ్యారో చూడండి. రాధానాథ్ సిక్దార్ సర్వే శాఖలో చేరి, 1852లో హిమాలయాల్లోని ఒక శిఖరం ప్రపంచంలోనే ఎత్తయినదని లెక్క తేల్చాడు. దాన్నే ఇప్పుడు ఎవరెస్టు అంటున్నాం. రామతను లాహిరి బడిపంతులై పేరు తెచ్చుకున్నాడు. కృష్ణమోహన్ బెనర్జీ క్రైస్తవ పాదిరీ అయ్యాడు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క దారి. తనలాంటివాళ్లనే తయారు చేయాలనుకునే పంతులుకు ఇది ఓటమిలా కనిపించవచ్చు. మాకు అలా అనిపించదు.

అయితే ధర్మప్రచారం చేసే మేము ఇంత తేలిగ్గా ఆయనను మెచ్చుకుని ఊరుకోకూడదు. పిల్లలకు శంక నేర్పితే విశ్వాసం పోదా అని మన పెద్దలు అడిగితే ఏం చెప్పాలి? మేము చెప్పగలిగింది ఇది. సిక్కు అనే మాటకు అర్థమే నేర్చుకునేవాడు. జంధ్యం వేయబోయిన పురోహితుణ్ణి ఇది ఎందుకని అడిగిన పిల్లవాడే మన మొదటి గురువు. ఆ గురువే 1539లో గద్దెను భాయి లెహ్ణాకు అప్పగించి, ఆయనను గురు అంగద్‌గా చేసి, తన శిష్యుడి ముందు తానే తల వంచారు. 1699లో ఆనంద్‌పూర్‌లో పంజ్ ప్యారేకు అమృతం ఇచ్చిన దశమ గురువు, మళ్లీ వాళ్ల చేతి మీదుగానే అమృతం తీసుకున్నారు. పంతులు ఎప్పటికీ పైన, పిల్లవాడు ఎప్పటికీ కింద అనేది మన ఇంటి పద్ధతి కాదు.

ఈ సంగతి సిక్లీగర్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. కబీరు పేరున ప్రచారంలో ఉన్న ఒక దోహాలో గురువును సిక్లీగరుతోనే పోల్చారు. కత్తికి పదును మనం బయటి నుంచి తెచ్చి పెట్టం. అది ఇనుములోనే ఉంటుంది, మనం తుప్పు తీస్తాం. ఎక్కడ ఆపాలో తెలియని చెయ్యి సాన పడితే పదునుతోపాటు కత్తీ అరిగిపోతుంది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పే తండ్రి కూడా పంతులే. అందుకే పిల్లవాణ్ణి బడికి పంపమంటే "మా దగ్గర నేర్చుకోవడం లేదా?" అని అడిగే తండ్రిని మేము తప్పుపట్టలేం. ఒక్కటి మాత్రం అడుగుతాం. వాడు నీకన్నా బాగా చేస్తే, లేదా నువ్వు ఎన్నడూ చేయని పని ఎంచుకుంటే సంతోషిస్తావా? ఈ ప్రశ్న బడిలో టీచరుకూ వర్తిస్తుంది, గురుద్వారాలో పిల్లలకు గురుముఖి చెప్పే మాకూ వర్తిస్తుంది.

మేము ఇందులో తప్పాం. బడిలో తోటిపిల్లలు పట్కా చూసి నవ్వుతున్నారని, కేశాలు ఎందుకు ఉంచుకోవాలని ఒక అబ్బాయి ఆదివారం తరగతిలో అడిగాడు. పెద్దలు చెప్పారు కాబట్టి అన్నాం. వాడు తల ఊపాడు. తర్వాతి ఆదివారం నుంచి రాలేదు. ఎదురు తిరిగిన పిల్లవాడు మనకు గుర్తుంటాడు గాని, ఇలా తల ఊపి వెళ్లిపోయినవాణ్ణి లెక్కలోకే తీసుకోం.

కొన్ని నెలలకు వాళ్ల నాన్న బండి దగ్గర కనిపించాడు, తాళంచెవి అరగదీస్తూ. ఆ ప్రశ్న గుర్తుందా బేటా అని అడిగాం. గుర్తుందన్నాడు. ఆకురాయి పక్కన పెట్టి, "మీకు తెలుసా మరి?" అన్నాడు. అక్కడే కూర్చుని తెలిసినంత చెప్పాం, తెలియనిది తెలియదన్నాం. వాడు ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. ఒకదానికి మా దగ్గర జవాబు లేదు.